బోరింగు రాడ్లు ఒక్కడే లాగాలంటే

నందిగామ నుంచి పెనుగంచిప్రోలు వైపు పోయే దారిలో, ఒక ఊరి మొదట్లోనే వేపచెట్టు కింద బోరింగు తల ఊడదీసి ఉంది. హ్యాండిల్ ఒక పక్క, చైను ఒక పక్క, బోల్టులన్నీ పాత చేటలో. మెకానిక్కుకి అరవై దగ్గరపడ్డాయి. రావాల్సిన హెల్పరు రాలేదు.

"ఒక్కడివే ఎట్లా లాగుతావు బాబాయ్?" అంటే, "ఇది లావు పైపుది గదా, నేను చాలు. జగ్గయ్యపేట అవతల ఇంకోటుంది, దానికైతే నలుగురు కావాలి" అన్నాడు.

ఆ తేడా చూడ్డానికి చిన్నదే. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇండియా మార్క్ 2. షోలాపూర్ పంపు నమూనాను మెరుగుపరచి, యూనిసెఫ్ తోడ్పాటుతో 1970ల్లో రూపొందించారు. అందులో నీళ్లు పైకొచ్చే పైపు 32 మిల్లీమీటర్లది, అడుగున సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు. పిస్టన్ ఆ సన్నపైపులోంచి రాదు. ఒక్క వాషరు అరిగినా పైపులూ సిలిండరూ అన్నీ పైకి తీయాల్సిందే. 30 మీటర్ల లోతులో ఉంటే పైపులూ రాడ్లూ కలిపి నూటిరవై కిలోలు, పైపులో నిలిచిన నీళ్ల బరువు అదనం.

మార్క్ 3 దీనికి విరుగుడుగా వచ్చింది. 1980ల్లో కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించారు. పైపు 65 మిల్లీమీటర్లకు పెంచి, సిలిండరు పైభాగం తెరిచి ఉంచారు. పైపుల జోలికి పోకుండా పిస్టన్‌నీ ఫుట్‌వాల్వునీ రాడ్లతోనే లాగేయొచ్చు. ఊరివాళ్లే బాగుచేసుకోవాలన్నది ఆలోచన. ఆఫ్రికాలో వాడే ఆఫ్రిడెవ్ పంపుదీ ఇదే దారి. కొన్ని రకాల్లో రాడ్లకు మర కూడా ఉండదు, కొక్కెంలా తగిలించడమే. లావు పైపు బరువూ ఖరీదూ మాత్రం ఎక్కువ. అందుకే పల్లెల్లో మార్క్ 2 చలామణి తగ్గలేదు. ఖరీదు కట్టేటప్పుడు మెకానిక్కు నడుము నొప్పిని ఎవరు లెక్కేస్తారు!

ఇక్కడున్నది మార్క్ 3. ఆయన పంపు ట్యాంకు మీద, రాడ్డు జారకుండా పట్టే రాడ్ వైసు బిగించాడు. మర్మమంతా దాన్లోనే ఉంది. ఒక్కో రాడ్డు 12 మిల్లీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవు, బరువు రెండున్నర కిలోల పైచిలుకు. ఎనిమిది రాడ్లంటే ఇరవై ఒక్క కిలోలు. అది పెద్ద బరువేం కాదు. కానీ లాగిన రాడ్డును పట్టుకుంటూనే చేతులు మార్చుకోవాలి, అక్కడే ఒంటరివాడికి ఇబ్బంది. ఆయన రెండు చేతులా ఎత్తి, వైసు పిడిని తుంటితో నొక్కుతాడు. రాడ్డు నిలవగానే చేతులు కిందికి జారతాయి. మళ్లీ ఎత్తు, మళ్లీ నొక్కు. మొదటి లాగుడే కష్టం. పిస్టన్ సిలిండరు దాటి లావుపైపులోకి వచ్చాక పట్టు సడలుతుంది.

కప్లింగు పైకి రాగానే వైసును నమ్మి ఊరుకోలేదు. దాని పైన రాడ్డుకు పైపు పానా అడ్డంగా బిగించి వదిలాడు. వైసు జారినా పానా ట్యాంకు అంచుకు తగులుకుంటుంది. ఈ ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. రాడ్లు బోరులో పడితే కొక్కేలు దించి వెతకడానికి రోజులు పడుతుందట.

ఆ తర్వాత రెండు పానాలు: కింది కప్లింగును ఒకటి ఆపుతుంది, పైది రెండోది తిప్పుతుంది. ఊడిన రాడ్డు గాలికి ఊగితే మర దగ్గరే వంగుతుంది. అందుకని భుజానికి ఆనించి మెల్లగా వాల్చి, వరసలో గోతాల మీద పడుకోబెట్టాడు. మట్టి తగిలిన మరని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

"ఏం బాబూ, మధ్యాహ్నానికి నీళ్లొస్తాయా?" బిందె పట్టుకొచ్చిన ముసలమ్మ అడిగింది.

"వస్తాయమ్మా, వాషర్లే పోయినయ్."

పిస్టన్ వాషర్లు అంచులు పీలికలై ఉన్నాయి. ఒకప్పుడు తోలువి వేసేవారు, ఇప్పుడు నైట్రైల్ రబ్బరువి. కొత్తవి వేసి, రాడ్లు దించేటప్పుడు ఒక్కో మరనూ రెండుసార్లు బిగించి చూసుకున్నాడు. సడలిన మర పంపు ఆడేకొద్దీ ఊడిపోతుంది కదా.

తల బిగించి హ్యాండిల్ కొడుతూనే, రెండో చేత్తో ఫోను తీశాడు: "ఒరే అబ్బాయ్, పేట పనికి మనుషుల్ని చూడు. సన్నపైపుది, పది పైపులుంటయ్."