గుడ్డమీది అష్టాచెమ్మ

అష్టాచెమ్మ యాడుటకు నేలపై సుద్దగీతలు చాలును. కాని మా మనుమరాలికి పుట్టుకతో చూపు లేదు. సుద్దగీత వ్రేలికి తెలియదు. కావున మేము దళసరి దుప్పటిపై, వరుసకు 5 చొప్పున, 25 చిన్నసంచులు కుట్టితిమి. కాయ యందులో నిలుచును, జాఱదు. నట్టనడిమి సంచిమీదను, నాలుగు ప్రక్కల నడిమి సంచులమీదను లావుదారముతో గొలుసుకుట్టున అడ్డగీతలు వేసితిమి. అవి కాయ చావని యిండ్లు గదా! దానికి చింతగింజలు, మాకు గుండీలు. గవ్వలకు మార్పక్కఱలేదు: నాలుగును వెల్లకిల బడిన చెమ్మ, నాలుగును బోర్ల బడిన అష్ట, మెల్లగా తాకిన తెలియును. చూపులేని పిల్లకు ఈ యాట యేల యనినవారు కలరు.

నిన్న దాని కాయలు నాలుగును పండినవి. మేము కావలెనని యోడితిమేమో యని యనుమానించి, సంచులన్నియు తడవి మా గుండీ లెక్కడెక్కడ నున్నవో చూచుకొన్నది.