లియోన్ అమ్మలు

పరాయి ఊళ్ళో భోజనం గురించి నాకున్నంత బెంగ మరెవరికీ ఉండదేమో! అమ్మాయి దగ్గరికి ఫ్రాన్సు బయల్దేరినప్పుడు నా పెట్టెలో చీరలకన్నా కందిపొడి, మాగాయ, అప్పడాలే ఎక్కువ బరువు. అమ్మాయి ఉండేది లియోన్‌లో. రోన్, సోన్ అనే రెండు నదులు కలిసేచోట ఉన్న ఊరు. 1930లలో కుర్నోన్‌స్కీ అనే రచయిత ఆ ఊరిని ప్రపంచానికంతటికీ రుచుల రాజధాని అన్నాడట. "రాజధాని సంగతి తర్వాత, ముందు నీ కుక్కరెక్కడుందో చూపించు" అన్నాను ఇల్లు చేరగానే.

నాలుగు రోజులు కందిపొడితోనే గడిచాయి. ఐదో రోజు అమ్మాయికి కోపం వచ్చింది. "ఈ కందిపొడి కోసమా అమ్మా ఇంతదూరం వచ్చావు? లే, చీర మార్చుకో" అని బయల్దేరదీసింది.

ఆ పూటే పరాభవం. పాత ఊరి సందులన్నీ చూసుకుని తీరిగ్గా రెండున్నరకు హోటలుకి వెళితే, పొయ్యి ఆర్పేశామన్నారు. అక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే. తర్వాత ఎంత బతిమాలినా చాలాచోట్ల వంటిల్లు తెరుచుకోదు. చెప్పొద్దూ, ఆకలేసినా నాకు ముచ్చటేసింది. మూడు గంటలకు నలుగురిని వెంటబెట్టుకొచ్చి "ఏం వండావు?" అని అడిగే ఇంటాయనతో కాపురం చేసినదాన్ని కదా!

మర్నాడు పన్నెండింటికే హాజరు. అక్కడి సంప్రదాయపు చిన్న హోటళ్ళని 'బూషోన్' అంటారు. గళ్ళ గుడ్డలు పరిచిన బల్లలు, పక్కవాళ్ళ మోచెయ్యి తగిలేంత ఇరుకు. ఆ రోజు ఏం వండారో పలకమీద సుద్దముక్కతో రాస్తారు. ముందొక వంటకం, తర్వాత అసలుది, చివర తీపి, అన్నీ కలిపి ఒక ధర. రాత్రికన్నా మధ్యాహ్నం చవక. సీసా నీళ్ళకి డబ్బు తీసుకుంటారు. జగ్గుతో కుళాయినీళ్ళు కావాలంటే ఊరికే ఇస్తారు. ఈ రహస్యం తెలిశాక నాకు సగం దిగులు తీరింది.

నేను శాకాహారిని. ఆకుకూరలకి అపాయముండదని ధైర్యంగా 'లియోన్ సలాడ్' తెప్పించుకున్నాను. పచ్చటి ఆకుల నడుమ వేయించిన పందిమాంసం ముక్కలు, పైన ఉడికిన గుడ్డు! ఆ పళ్ళెం అమ్మాయివైపు జరిపేశాను. అప్పుడది నవ్వుతూ, "నీకు నేతగాడి మెదడు చెబుతానుండు" అంది. నా ప్రాణం పోయినంత పనైంది. తీరా వస్తే అదేమిటనుకున్నారు? తెల్లటి మెత్తని జున్నులో ఉల్లి, వెల్లుల్లి, సన్నగా తరిగిన ఆకులు, కాస్త వెనిగర్, నూనె, ఉప్పు, మిరియం వేసి గిలక్కొట్టారు. అచ్చం మన పెరుగుపచ్చడికి పెద్దక్క! ఆ కొండమీది పేటలో పట్టు నేసిన కార్మికుల తిండట అది. పేరులో మాంసం, పళ్ళెంలో పెరుగు. పేరుచూసి పళ్ళేన్నీ, మనిషినీ నమ్మకూడదని ఆ వేళ తెలిసింది. చివర ఎర్రటి చక్కెర పూసిన బాదంపలుకులతో చేసిన గులాబీరంగు తీపి తిని, ఇంకో ముక్క అడిగానని మీతో మాత్రమే చెబుతున్నాను.

ఆ నేతగాళ్ళ కొండ క్రువా రూస్. అక్కడ సోమవారం తప్ప రోజూ పొద్దున్నే సంత. అలవాటుకొద్దీ పండు నొక్కి చూడబోతే అమ్మేవాడు చెయ్యడ్డం పెట్టాడు. "ఇవాళ తింటారా, రేపా?" అని అడిగి తానే ఏరి ఇచ్చాడు.

సంతనుంచి కొండ దిగి వస్తూంటే రువాయాల్ వీధిలో ఒక హోటలు ముందు అమ్మాయి ఆగింది. "ఈ బోర్డుమీద ఏముందో తెలుసా? 'బ్రాజియే అమ్మ' అని!" ఆ ఊరికి రుచుల పేరు తెచ్చింది ఆడవాళ్ళేనట. చాలామంది కలవారి ఇళ్ళలో వంటమనుషులుగా చేసి, ఆ కొలువులు పోయాక సొంతంగా పూటకూళ్ళు పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళందర్నీ ఊరు 'అమ్మ' అనే పిలిచింది. ఈ యూజెనీ బ్రాజియే 1895లో పుట్టింది. పదేళ్ళకే తల్లి పోతే పల్లెలో పశువులు కాసింది. పెళ్ళికాకుండానే ఒక బిడ్డ తల్లయింది. పట్నంలో ఒకరింట పనిచేసి, 1921లో ఇక్కడ చిన్న హోటలు పెట్టింది. 1933లో రెండు హోటళ్ళకి మూడేసి మిషెలిన్ నక్షత్రాలు ఒక్కసారే సంపాదించింది. జగమెరిగిన పాల్ బొక్యూజ్ ఆవిడ వంటింట్లో పనిచేసినవాడే. ఆవిడ 1977లో పోయినా హోటలు ఆ పేరుతోనే నడుస్తోంది.

నాకు కాళ్ళు కదల్లేదు. మా రాజమండ్రి మేనత్త కళ్ళముందు నిలబడింది. చిన్నతనంలోనే భర్త పోతే నాలుగిళ్ళలో వంటచేసి బతికింది. నా చేతిలో ఉన్న రుచంతా ఆవిడదే. కాని నా పెళ్ళిచూపుల్లో నాన్న "మా అక్కయ్య రాజమండ్రిలో చుట్టాలింట్లో ఉంటోంది" అన్నారు. అత్తవారింట నేనూ నలభై ఏళ్ళు అదే మాట అన్నాను. పండక్కి వస్తే వంటింట్లోంచి బయటికి రానివ్వలేదు, ఎవరైనా అడుగుతారేమోనని.

అదంతా అక్కడే, ఆ బోర్డు కిందే, అమ్మాయికి చెప్పేశాను. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం దాని ఆఫీసు స్నేహితులు నలుగురు భోజనానికొచ్చారు. గుత్తివంకాయ, పప్పుచారు, పెరుగుపచ్చడి చేశాను. సరిగ్గా పన్నెండున్నరకి అందర్నీ కూచోబెట్టి, నేనూ వాళ్ళతోపాటే కూచున్నాను. ఒకమ్మాయి గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకుని, ఈ వంట ఎవరు నేర్పారని అడిగింది.

"మా అత్తయ్య. నాలుగిళ్ళలో వంటచేసేది" అన్నాను.

అమ్మాయి ఫ్రెంచిలో చెప్పింది. ఆవిడ పేరేమిటని అడిగారు. చెప్పాను. నలుగురూ కష్టపడి ఆ పేరు పలికారు, ముందు 'అమ్మ' అని చేర్చి.