మరక వదులుతుంది, మెరుపు తిరిగి రాదు

పైరెక్స్ పుట్టిన ఊళ్లో పాత గాజు గిన్నెలు చెప్పే పాఠం: ఎంత తోమాలన్నదే కాదు, ఎక్కడ ఆపాలన్నదీ తెలియాలి

న్యూయార్క్ నగరం నుంచి వాయవ్యంగా నాలుగైదు గంటలు కారులో ప్రయాణిస్తే షెమంగ్ నది ఒడ్డున కార్నింగ్ వస్తుంది. జనాభా పదివేల పైచిలుకు. దూరం నుంచే కంటబడేది తెల్లటి లిటిల్ జో టవర్. థర్మామీటర్ల కోసం గాజు గొట్టాలను నిలువుగా సాగదీయడానికి 1912లో కట్టారు దాన్ని. 1868లో బ్రూక్లిన్ నుంచి ఒక గాజు కంపెనీ ఇక్కడికి తరలివచ్చినప్పటి నుంచి ఈ ఊరి కథంతా గాజు చుట్టూనే తిరిగింది.

ఆ కథ వంటింట్లోకి అడుగుపెట్టింది ఒక గృహిణి వల్ల. రైల్వే లాంతర్ల వేడి గాజు మీద చల్లటి వాన పడితే పగిలిపోయేది. దానికి విరుగుడుగా కంపెనీ వేడికీ చలికీ తట్టుకునే గాజును తయారుచేసింది. 1913లో కంపెనీ భౌతిక శాస్త్రవేత్త జెస్సీ లిటిల్‌టన్ భార్య బెస్సీ, తన వంటపాత్ర పగిలిపోవడంతో ఆ గాజేదో తెచ్చిపెట్టమని భర్తను అడిగారు. ఆయన బ్యాటరీ జాడీల అడుగుభాగాలు కోయించి తెచ్చారు. వాటిలో ఆమె కేకు చేశారు. 1915లో పైరెక్స్ మార్కెట్లోకి వచ్చింది. సైన్సు ల్యాబులో బీకరు పట్టుకున్న మనవాళ్లకు ఈ గాజు దూరపు చుట్టమే. బోరోసిల్ 1962లో మొదలైంది కార్నింగ్ సహకారంతోనే. 1988లో కార్నింగ్ అందులోంచి తప్పుకొంది.

మార్కెట్ స్ట్రీట్‌లోని పాతసామాను దుకాణాల్లాంటి చోట్ల సేకర్తలు ముందుగా వెతికేది రంగుల పైరెక్స్‌నే. లోపల పాలలాంటి తెలుపు, బయట రంగు. 1940లలో వచ్చిన నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గిన్నెల సెట్టు, 1957లో వచ్చిన బటర్‌ప్రింట్ మీది రైతు దంపతులు, కోడిపుంజు బొమ్మలు ఇప్పటికీ ఎందరికో ప్రాణం. అరుదైన డిజైన్లకు వేల డాలర్లు పెట్టేవారున్నారు. ఒకే ఈడు గిన్నెలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తళతళలాడుతుంది. రెండోది సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది. తేడా వయసుది కాదు, డిష్‌వాషర్‌ది.

ఈ గిన్నెల రంగు గాజులో కలిసి లేదు. ఎనామెల్‌ను పైన పూసి, కొలిమిలో కాల్చి అతికించారు. డిష్‌వాషర్ డిటర్జెంట్‌లోని క్షారం, వేడినీళ్లు కలిసి ఆ పల్చటి పొరను కొద్దికొద్దిగా తినేస్తాయి. ముందు మెరుపు పోతుంది, తర్వాత రంగు పోతుంది. పోయిన పొరను ఇంట్లో తిరిగి తెచ్చే మందు లేదు. కొందరు మినరల్ ఆయిల్ రుద్ది నిగనిగలాడిస్తారు. సబ్బుతో ఒకసారి కడిగితే గిన్నె అసలు రంగు బయటపడుతుంది. కొనేముందు అడుగున ముద్ర ఉందో లేదో చూడటంతోపాటు రంగుమీద వేలు ఆనించి చూడాలి. మెత్తగా జారితే మంచిదే. సుద్దలా గరుకుగా తగిలితే ఆశ వదులుకోవాలి.

అయితే మురికిని చూసి బెదరనక్కర్లేదు. నూనె మాడి కట్టిన గోధుమరంగు జిడ్డుకు ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టడం, తర్వాత వంటసోడా ముద్ద పట్టించి మెత్తటి గుడ్డతో తుడవడం చాలావరకు సరిపోతుంది. తెల్లటి లోపలి భాగంలో చెంచాలు, గరిటెలు గీసిన బూడిదరంగు చారలు గాజు మీది గీతలు కావు, గాజుకు అంటిన లోహం. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న శుభ్రపరిచే పొడిని తడిపి తేలిగ్గా రుద్దితే వదులుతాయి. ఆ పొడి రంగుల మీద పడకూడదు. కాస్టిక్ సోడా ఉండే ఓవెన్ క్లీనర్లు రంగులేని గాజుకే పరిమితం. చేతికి గ్లవ్స్, తెరిచిన కిటికీ తప్పనిసరి. స్టీలు పీచు దేనికీ వద్దు. బంగారు డిజైన్లయితే గట్టిగా తుడిచినా చెరిగిపోతాయి. అప్పటి రంగుల్లో సీసం వాడకం మామూలే కాబట్టి, పొడి రాలుతున్న గిన్నెను అలంకారంగా అల్మరాలో పెట్టుకోవడమే క్షేమం. అంచు పెచ్చు ఊడినదాన్ని ఓవెన్‌లో పెట్టకూడదు.

ఓర్పుగా కడగడం విలువ ఈ ఊరికి ఒకసారి బాగా తెలిసొచ్చింది. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను వల్ల షెమంగ్ పొంగి, 1951లో మొదలైన కార్నింగ్ గాజు మ్యూజియంలోకి 5 అడుగుల 4 అంగుళాల ఎత్తున నీళ్లొచ్చాయి. 13,000 వస్తువుల్లో 528 దెబ్బతిన్నాయి. సిబ్బంది బురదలోంచి వస్తువులను ఏరి శుభ్రం చేసుకున్నారు. తడిసిన పుస్తకాలను పాడవకుండా గడ్డకట్టించారు. ఆగస్టు 1న మ్యూజియం తలుపులు తెరిచారు. పైరెక్స్‌కు నూరేళ్లు నిండిన 2015లో ప్రత్యేక ప్రదర్శన పెట్టిందీ ఈ మ్యూజియమే.

కానీ రంగుల గిన్నెలు తయారైంది ఇక్కడ కాదు. పక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్‌కు దక్షిణాన మొనాంగహేలా నది ఒడ్డునున్న షార్లరాయ్‌లో. అక్కడి ఫ్యాక్టరీని కార్నింగ్ 1936లో సొంతం చేసుకుంది. తెల్లగాజు రంగుల గిన్నెల తయారీ 1980లలోనే ఆగిపోయింది. 1998లో కార్నింగ్ వంటపాత్రల వ్యాపారాన్నే అమ్మేసింది. ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చిన ఫ్యాక్టరీ, రంగులేని పైరెక్స్ తయారుచేస్తూనే నెట్టుకొచ్చింది. 2025లో అదీ మూతపడింది. ఉత్పత్తి ఒహాయోలోని లాంకాస్టర్‌కు తరలింది. సుమారు 300 మంది ఉద్యోగాల మీద దెబ్బపడింది. తాతల నాటి నుంచి గాజు మీదే బతికిన చిన్న ఊరికి అది చిన్న దెబ్బ కాదు.

వరద బురద కడిగితే పోయింది. ఆరిన కొలిమి విషయంలో అంత సులువైన చిట్కా లేదు. షార్లరాయ్ కార్మికుల చేతుల మీదుగా వచ్చిన ఆ గిన్నెల్లో మీ అల్మరాలో ఒకటుంటే, దాన్ని చేత్తోనే కడగండి.