పెట్టే చేతికి తెలియవలసినది

ఇంటికి వచ్చినవారి నోరు తీపి చేయడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. పండుగనాడు పొరుగింటికి పళ్ళెం పంపినా, వాకిట నిలిచిన ఆవుకు అరటిపండు అందించినా, పెట్టడమే ప్రేమకు గుర్తు అని నమ్మి పెరిగినవాణ్ణి నేను. ఆ నమ్మకంలో ఉన్న లోపాన్ని నాకు తెలియజేసినది ఒక చిన్న ప్రాణి. ఆ సంగతి మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఉద్యోగ విరమణ తరువాత ఒక వేసవిలో నేనూ నా శ్రీమతీ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. గుమ్మంలో అడుగుపెట్టగానే పదేళ్ళ మనుమరాలు భుజం మీద ఒక జంతువుతో ఎదురువచ్చింది. సన్నగా, పొడవుగా, గోధుమరంగు బొచ్చుతో ఉన్న దానిని చూసి ముంగిస అనుకున్నాను. "ముంగిస కాదు తాతయ్యా, ఫెరెట్. పేరు చింటూ" అంది.

ఐరోపా అడవులలోని పోల్‌క్యాట్ అనే జంతువును రెండు వేల ఏళ్ళకు పూర్వమే మచ్చిక చేయగా ఏర్పడిన జాతి ఇది. కుందేళ్ళను బొరియలలోనుంచి వెళ్ళగొట్టడానికి వేటగాళ్ళు దీనిని పెంచేవారు. నేడు ఆ దేశంలో ఎందరో దీనిని ముద్దుగా సాకుతున్నారు. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలలో మాత్రం పెంపకం నిషిద్ధం. రోజులో పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోతుంది. మెలకువగా ఉన్న కాసేపూ ఇల్లంతా గంతులే.

నేను పన్నెండేళ్ళుగా మధుమేహంతో ఉన్నవాణ్ణి. ఒంట్లో చక్కెర పడిపోతే అక్కరకు వస్తుందని జేబులో ఎండుద్రాక్ష పొట్లం ఉంచుకోవడం అలవాటు. నిజం చెప్పాలంటే, ఆ జాగ్రత్త క్రమంగా నా జిహ్వచాపల్యానికి సాకుగా మారింది. ఒకనాడు చింటూ ఆ జేబు వాసన పసిగట్టింది. ఒక ద్రాక్ష అందించాను. ఎంత ఇష్టంగా తిన్నదో! ఆనాటినుండి నేను కుర్చీలో కూర్చుంటే చాలు, మోకాలి మీదికి ఎక్కేది. రోజుకు రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు ఐదు. దేశంకాని దేశంలో నాకొక నేస్తం దొరికిందని మురిసిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మూడవ వారంలో ఒక ఉదయం చింటూ లేవలేకపోయింది. వెనుక కాళ్ళు ఈడుస్తూ, చొంగ కారుస్తూ, శూన్యంలోకి చూస్తున్నది. అమ్మాయి పశువైద్యునికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్లు దూది పుల్లతో దాని చిగుళ్ళకు కాస్త తేనె రాసింది. కొంత తేరుకోగానే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రక్తంలో చక్కెర 48 మాత్రమే ఉన్నది.

క్లోమంలో ఇన్సులిన్‌ను అతిగా స్రవించే గడ్డ ఉన్నదని, మూడేళ్ళు దాటిన ఫెరెట్లలో ఈ ఇన్సులినోమా తరచుగా కనిపిస్తుందని వైద్యుడు చెప్పాడు. చింటూకు అప్పటికి ఐదేళ్ళు. "తీపి పదార్థాలేమైనా పెడుతున్నారా?" అని అడిగాడు. నేను జేబులోని పొట్లం తీసి బల్లమీద పెట్టాను. మనుమరాలు ఆ పొట్లం వైపు, తరువాత నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

ఆయన నన్ను నిందించలేదు. ఆ గడ్డ మూడు వారాలలో పుట్టినది కాదన్నాడు. అయితే తీపి తిన్న ప్రతిసారీ ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగసి, వెనువెంటనే చక్కెరను మరింత పడవేస్తుంది. ప్రాణం నిలిపేందుకు చిగుళ్ళకు రాసిన తేనె వేరు, ముద్దుకొద్దీ పెట్టే ద్రాక్ష వేరు. ఫెరెట్ కేవల మాంసాహారి. పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటలలోనే బయటకు పోతుంది. పీచును, పిండిపదార్థాలను సరిగా వాడుకోలేదు. దానికి కావలసినవి జంతు సంబంధమైన మాంసకృత్తులు, కొవ్వు.

నేను ముప్పై ఏళ్ళు బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణి. ఒక రకం బొగ్గుకు రూపొందించిన కొలిమిలో మరొక రకం వేస్తే మంట కనిపిస్తుంది గాని, లోపల క్లింకరు పేరుకుంటుంది. ఆ సంగతి ఎందరో కుర్రవాళ్ళకు నేర్పిన నేను, ఒక ప్రాణి విషయంలో మరచిపోయాను.

శస్త్రచికిత్స వద్దనుకుని మందులు మొదలుపెట్టారు. కొన్ని గంటలకొకసారి మాంసాహారం పెట్టాలన్నారు. చిరుతిండిగా ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు ముక్క, ఆరబెట్టిన కాలేయం పెట్టవచ్చు, అదీ గోరంత. పండ్లు, బిస్కెట్లు, పాలు, జున్ను, చాక్లెట్టు, గింజలు పనికిరావు. పగటివేళ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పుట్టు శాకాహారులం. మొదటిరోజు నా చేతులు వణికాయి. కాని చేసిన తప్పు నాది. ఆ పని మరొకరి మీద పెట్టబుద్ధి కాలేదు. విడిగా ఒక గిన్నె తెచ్చుకుని, కోడిమాంసం ఉడికించి, చిన్న ముక్కలుగా తుంచి పెట్టాను. నా శ్రీమతి వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఒక సాయంత్రం మనుమరాలు పక్కన కూర్చుని అడిగింది: "తాతయ్యా, డాక్టరు నిన్ను కూడా తీపి తినొద్దన్నారు కదా! మరి నీకెవరు పెడుతున్నారు?" నా దగ్గర సమాధానం లేకపోయింది. మరునాటినుండి జేబులో గ్లూకోజు బిళ్ళలు మాత్రమే ఉంచుకుంటున్నాను.

చింటూ ఆ తరువాత ఎనిమిది నెలలు బ్రతికింది. చివరివరకు గంతులు వేసిందని అమ్మాయి ఫోనులో చెప్పింది.

మన క్వార్టర్లలోనూ కుక్కలకు, పిల్లులకు పెట్టే చేతులు చాలా ఉన్నాయి. చాక్లెట్టు కుక్కకు విషంతో సమానం. ద్రాక్ష, ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి ఆవుపాలు అరగవు. పెట్టడం మానవలసిన పని లేదు. అది ఇష్టంగా తింటున్నదా అని మాత్రమే కాక, దాని ఒంటికి సరిపడుతుందా అని కూడా ఒక్క క్షణం ఆలోచించి పెడితే చాలు. నేను ఆ ఒక్క క్షణం ఆగలేదు.