అవ్వ ఫొటో కింద మేము రాసిన మాట

సంతలో చోటు గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. తెల్లారకముందే పసుపు, పిప్పళ్లు, కొండచీపుర్లు తలకెత్తుకుని కొండ దిగుతాం. దిగేసరికి దారి మొదట్లో ఉన్న మంచి చోట్లన్నీ కింద నుంచి వ్యాన్లలో వచ్చిన వ్యాపారులవి. మనకి మిగిలేది పశువుల సంత పక్కన బురద. సరుకు మంచిదే. కానీ కొనేవాళ్లు అంత దూరం నడిచి రారు. మన చోటు చివరిదైనా ఆశీలు మాత్రం కట్టాల్సిందే.

ఈ వ్యాసం ఇంకో సంత గురించి. అది కంప్యూటర్లో జరిగే ఫొటోల సంత. అక్కడ చోటు ఎవరిస్తారో, ఎలా తీసేస్తారో కొంచెమైనా అర్థం కావడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో మేము ఒక తప్పు చేశాం. ఆ తప్పు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాం.

మేము నలుగురం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పుట్టినవాళ్లం. మాలో ఒకరు బడిపంతులు. మిగతా ముగ్గురూ ఆ పంతులు దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. వాళ్లలో ఇద్దరు డీఎడ్ పూర్తిచేశారు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు మన ఇళ్లలో ఏం చేసిందో చదివే మీకు తెలుసు. మా పిల్లలు సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టి, వంజంగి మబ్బులు చూడ్డానికి వచ్చే టూరిస్టులకి దారి చూపించే పనికి వెళ్లారు. ఆ టూరిస్టుల్లో ఒకాయన దగ్గరే మొదటిసారి 'స్టాక్ ఫొటో' అనే మాట విన్నారు.

పత్రికలు, పుస్తకాలు వేసేవాళ్లు, ప్రకటనల కంపెనీలు ప్రతిసారీ ఫొటోగ్రాఫర్‌ని పంపలేరు. ఎవరో ముందే తీసిపెట్టిన ఫొటోని కొనుక్కుంటారు. అలా అమ్మే అంగళ్లే ఇవి. 2000లో కెనడాలోని కాల్గరీ ఊళ్లో మొదలైన ఐస్టాక్ ఫొటో ఈ వ్యాపారంలోకి మామూలు మనుషులకీ దారి తెరిచింది. 2006లో గెట్టీ ఇమేజెస్ దాన్ని 5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. షటర్‌స్టాక్, అడోబీ స్టాక్, అలామీ ఇలాంటివే. కెమెరా ఉన్న ఎవరైనా ఫొటోలు పెట్టొచ్చు. అమ్ముడైతే సైటు తన వాటా తీసుకుని మిగిలింది మనకిస్తుంది.

విశాఖపట్నంలో పాత కెమెరా ఒకటి కొన్నాం. పంతులు జీతంలోంచి సగం, మిగతా ముగ్గురి చందా సగం. మనకి రోజూ కనిపించేవే తీశాం. ఎండబెట్టిన కాఫీ పళ్లు, పసుపు ఉడకబెట్టే బానలు, చోళ్లు దంచే రోలు, చలికాలంలో వలిసె పూల చేలు. సిగ్నలు ఉన్న మెట్ట ఎక్కి రాత్రిపూట అప్‌లోడ్ చేసేవాళ్లం. ఒకసారి అమ్ముడైతే మనకొచ్చేది చాలాసార్లు సెంట్లలోనే. అయినా మొదటి ఏడాది చివరికి ఎర్రటి కాఫీ పళ్లు దోసిట్లో పట్టిన ఫొటో ఒకటి మొదటి పేజీకెక్కింది. అక్కణ్ణుంచి ప్రతి నెలా ఎంతో కొంత వచ్చేది. ఆ డబ్బుతో మాలో ఒకడి చెల్లికి నర్సింగ్ హాస్టలు ఖర్చు గడిచింది.

రెండో ఏడాది ఒక ఉదయం చూస్తే ఆ ఫొటో మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. వెతగ్గా వెతగ్గా తొమ్మిదో పేజీలో దొరికింది. ఫొటో మారలేదు. పళ్లు అంతే ఎర్రగా ఉన్నాయి. మాకు ఉత్తరమూ రాలేదు, కారణమూ చెప్పలేదు. మూడు నెలల్లో వచ్చే డబ్బు నాలుగో వంతుకి పడిపోయింది.

అప్పుడు కూర్చుని ఈ సంత ఎలా నడుస్తుందో చదవడం మొదలుపెట్టాం. షటర్‌స్టాక్ ఒక్కదాంట్లోనే 40 కోట్లకు పైగా ఫొటోలున్నాయి. కొనేవాళ్లు ఒక మాట టైపు చేసి మొదటి రెండు మూడు పేజీలు చూసి తేల్చుకుంటారు. కాబట్టి ఏ ఫొటో ముందు కనిపించాలో నిర్ణయించే లెక్కే అక్కడ సంత పెద్ద. ఆ లెక్కలో కొన్ని దినుసులు సైట్లే చెబుతాయి. ఫొటో కింద మనం రాసే కీవర్డులు అందులో మొదటివి. షటర్‌స్టాక్ కనీసం 7, ఎక్కువలో ఎక్కువ 50 రాయమంటుంది. అడోబీ స్టాక్ ముఖ్యమైన మాటల్ని మొదటి పదిలో పెట్టమంటుంది. అలామీలో పది మాటల్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టొచ్చు. ఆ ఫొటోని ఎంతమంది నొక్కి చూశారు, ఎంతమంది కొన్నారు, అది ఎంత కొత్తది అనేవి కూడా లెక్కలోకి వస్తాయి. కానీ దేనికెన్ని మార్కులో ఎవరూ చెప్పరు. ఆ మార్కులు మార్చినప్పుడల్లా వరస మారుతుంది. పాత అమ్మకాలకి బరువు తగ్గించి కొత్తదనానికి పెంచితే పాత ఫొటోలు దిగిపోతాయి. అటుదిటైతే కొత్తగా వచ్చినవాడికి చోటే దొరకదు.

టీచర్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. ముందు బెంచీ పిల్లలనే ప్రశ్నలడుగుతాం. వాళ్లే జవాబు చెబుతారు. వాళ్లే తెలివైనవాళ్లని మనమే అనుకుంటాం. చివరి బెంచీ పిల్లకి జవాబు తెలిసినా అడిగేవాళ్లుండరు. ఫొటోల వరసా అంతే. కనిపించిందే అమ్ముడవుతుంది, అమ్ముడైందే మళ్లీ కనిపిస్తుంది. ఒకసారి వెనక్కి నెట్టారా, ముందుకి రావడానికి దారి చాలా సన్నం.

దీనికి వాటాల లెక్క కూడా తోడవుతుంది. షటర్‌స్టాక్ 2020 జూన్ 1 నుంచి పెట్టిన పద్ధతిలో అమ్మేవాడి వాటా 15 శాతం నుంచి 40 శాతం దాకా ఆరు మెట్లుగా ఉంటుంది. ఎక్కువ అమ్మితే పై మెట్టు. ప్రతి జనవరి 1న అందరూ మళ్లీ మొదటి మెట్టుకి రావాలి. అంటే వరసలో వెనకబడితే అమ్మకాలు తగ్గుతాయి, అమ్మకాలు తగ్గితే మెట్టు ఎక్కలేం, మెట్టు ఎక్కకపోతే అమ్ముడైనదానికీ తక్కువే వస్తుంది. వరస ఒక్కటి జారితే దెబ్బ రెండుసార్లు తగులుతుంది.

ఇవన్నీ తెలియకముందు మాలో కెమెరా పట్టేవాడు తప్పంతా తన మీదే వేసుకున్నాడు. "నా కన్ను పాడైనట్టుంది మాస్టారూ" అన్నాడు. ముందు పేజీల్లో ఉన్న ఫొటోలు చూసి అచ్చం అలాంటివే తీయడం మొదలుపెట్టాడు. తనకి తెలిసిన కొండని తన కళ్లతో చూడ్డం మానేశాడు. కెమెరా అమ్మేద్దామని కూడా అన్నాడు. యువతకి మేము గట్టిగా చెప్పాల్సింది ఇదే. ర్యాంకు పడిపోయిందంటే మీ పని చెడిపోయిందని కాదు. రెండూ వేరు వేరు. కలిపి చూస్తే మనిషి చితికిపోతాడు.

ఇక మా తప్పు.

అది చిన్నగా మొదలైంది. వలిసె పూలని కొనేవాళ్లెవరూ ఆ పేరుతో వెతకరు. పసుపు పచ్చని చేను కావాలంటే ఆవ చేను అని ఇంగ్లీషులో కొడతారు. మేము వలిసె చేనుకి 'మస్టర్డ్' అని రాశాం. ఫొటో రెండు పేజీలు పైకొచ్చింది. మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది గానీ, ఎవరికి నష్టంలే అనుకున్నాం.

తర్వాత అవ్వ ఫొటో. ఆమె మా ఊరి కోదు ముసలమ్మ, మా అందరికీ అవ్వే. అరుగు మీద కూర్చుని వెదురు పుల్లలతో అడ్డాకుల విస్తరి కుడుతోంది. చూపు ఆకు మీదే, వేళ్లు వాటంతటవే నడుస్తున్నాయి. మొహం కనిపించే ఫొటోని ప్రకటనలకి కూడా వాడుకునేలా అమ్మాలంటే ఆ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం చేసిన కాగితం ఉండాలి. కాగితం చదివి వినిపిస్తే అవ్వ నవ్వి, వేలిముద్ర వేసింది. "నా మొహం కూడా కొంటారా?" అంది. వచ్చినదాంట్లో సగం నీదే అని చెప్పాం.

మొదట నిజమే రాశాం. కోదు, అడ్డాకు, విస్తరి, కుట్టడం, తూర్పు కనుమలు. ఏడు నెలలు ఎవరూ చూడలేదు. 'ట్రైబల్ ఉమన్ ఇండియా' అని కొట్టి పైన ఏమున్నాయో చూశాం. పైనున్నవాటి కింద కనిపించిన మాటలు మీరూ ఊహించగలరు. పూర్, బ్యాక్‌వర్డ్, ప్రిమిటివ్. మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి 'ప్రిమిటివ్' అనే మాటని మొదటి పదిలో పెట్టాం. టైపు చేసింది కెమెరా పట్టేవాడు కాదు. పలక మీద అక్షరాలు దిద్దించిన చేయే ఆ మాట కొట్టింది.

ఫొటో లేచింది. నెల తిరక్కుండా మొదటి పేజీ. అమ్మకాలు వచ్చాయి. అవ్వకి రెండు చీరలు, ఒక రగ్గు కొనిచ్చాం. ఆమె సంతోషించింది. మేమూ సంతోషించామనే చెప్పాలి.

ఒక రోజు బడిలో పెద్ద తెర మీద ఏడో తరగతి పిల్లలకి ఆ పేజీ చూపించాం. మన ఊరి అవ్వ ప్రపంచమంతా కనిపిస్తోందని చెప్పాలనుకున్నాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవ్వ మనవరాలు మాత్రం ఫొటో కింద ఉన్న మాటల్ని ఒక్కొక్కటే పైకి చదువుతోంది. ఇంగ్లీషు చదవడం నేర్పింది మేమే. ఆ మాట దగ్గర ఆగి నిఘంటువు తీసింది. తర్వాత లేచి నిలబడి అడిగింది.

"మాస్టారూ, మా అవ్వ ప్రిమిటివ్వా? ఎవరు రాశారు?"

తరగతిలో ఆ రోజు అబద్ధం చెప్పలేదు. మేమే రాశామని చెప్పాం. పిల్ల కూర్చుంది. ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మీకు గుర్తుండే ఉంటుంది, మనలో కొన్ని తెగల్ని ప్రభుత్వ కాగితాల్లో 'ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్' అనేవారు. పీటీజీ అని మన నోళ్లకీ అలవాటైంది. అది అవమానకరమని 2006లో కేంద్ర ప్రభుత్వం ఆ మాట తీసేసి పీవీటీజీ అని మార్చింది. సర్కారు తీసేసిన మాటని ఒక ఆదివాసీ టీచరు తన సొంత ఊరి అవ్వ మీద మళ్లీ అంటించాడు. ఎవరూ బలవంతం చేయలేదు. వరసలో ముందుకి రావాలనే ఆశ చాలింది.

ఇది ఒక ఫొటోతో పోయేది కాదు. ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసే యంత్రాలొచ్చాయి. 2022 డిసెంబరులో అడోబీ స్టాక్ అలాంటి బొమ్మల్ని, యంత్రంతో చేసినవని గుర్తు పెట్టాలనే షరతు మీద, అమ్మకానికి తీసుకుంటామని ప్రకటించింది. 'ట్రైబల్ ఉమన్' అంటే ఏ తెగా పెట్టుకోని నగలు, ఏ ఊళ్లోనూ లేని పచ్చబొట్లు వేసి ఒక మనిషిని చేసిపెడతాయి. ఆ యంత్రాలు నేర్చుకునేది ఫొటోలూ వాటికి జత చేసిన మాటలూ చూసే. అంటే ఫొటో కింద మనం రాసే మాట యంత్రానికి ఓనమాలు. మనమే తప్పు దిద్దిస్తే అది తప్పే నేర్చుకుంటుంది.

ఆ సాయంత్రం అవ్వ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాం. ఆ మాటకి అర్థం అడిగింది. చెప్పాం. కాసేపు ఆకు కుడుతూనే ఉంది. "నన్ను చూస్తే ఏం చేస్తున్నట్టుంది?" అంది. విస్తరి కుడుతున్నావని చెప్పాం. "మరి అదే రాయండి" అంది.

అదే రాశాం. మనవరాలినే పక్కన కూర్చోబెట్టుకుని రాశాం. వలిసె చేనుకి మస్టర్డ్ తీసేసి దాని ఇంగ్లీషు పేరు 'నైజర్' పెట్టాం, పక్కనే 'వలిసె' కూడా. అనుకున్నట్టే రెండు ఫొటోలూ వెనక్కి జారాయి. అవ్వ ఫొటో ఇప్పుడు ఏ పేజీలో ఉందో మేము చూడ్డం మానేశాం. ఇంతకుముందే అమ్ముడైన కాపీల్ని మాత్రం వెనక్కి తేలేం. అది మా మీద ఉన్న అప్పు.

ఫొటోలు తీయడం మానలేదు. కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే పనికొస్తాయని రాస్తున్నాం. ఒకే సైటుని నమ్ముకోవద్దు. అక్కడ లెక్క మారితే ఇంట్లో పొయ్యి ఆరకూడదు. ఫీజులు, అప్పుల వాయిదాలు ఈ డబ్బు మీద పెట్టుకోవద్దు. ఏ ఫొటో ఏ నెలలో ఎన్నిసార్లు అమ్ముడైందో నోటుబుక్కులో రాసుకోండి. అమ్మకం ఒక ఫొటోకే తగ్గిందా, అన్నిటికీ ఒకేసారి తగ్గిందా అనేది అప్పుడే తెలుస్తుంది. అన్నీ ఒకేసారి పడితే తప్పు మీ కెమెరాది కాదు. తెగ పేరు, పంట పేరు, పని పేరు సరిగ్గా రాయండి. కొనేవాళ్లు వాడే ఇంగ్లీషు మాట పక్కన పెట్టండి, కానీ అది నిజమై ఉండాలి. ఫొటోలో ఉన్న మనిషికి ప్రతి మాటా చదివి వినిపించండి. వాళ్ల ముందు పైకి చదవలేని మాట రాయొద్దు.

టీచర్లకి ఒక మనవి. పిల్లలకి ఒక ఫొటో చూపించి దాని కింద ఏ పది మాటలు రాస్తారో అడగండి. అంతకన్నా మంచి పాఠం మా డిప్లొమాలో కూడా చెప్పలేదు.

కాఫీ పళ్లు పట్టిన మా కుర్రాడు కెమెరా అమ్మలేదు. ఈ మధ్య అవ్వ ఫొటోని పెద్దగా ప్రింటు వేయించి ఆమె ఇంటి గోడకి తగిలించాడు. కింద మనవరాలు తెలుగులో ఒక్క ముక్క రాసింది. 'మా అవ్వ విస్తరి కుడుతోంది.' ఆ గోడ మీద వరసా లేదు, పేజీ నంబరూ లేదు. వచ్చిన ప్రతివాళ్లూ ముందు దాన్నే చూస్తున్నారు.