సంతకం ఎవరిది?

నెల్లూరు జిల్లా కావలి పిల్లలకు యూనివర్సిటీ అంటే చాలాకాలం తిరుపతే. మార్కుల లిస్టులో పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి గూడూరు మీదుగా రైల్లో పోవాల్సిందే. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు ఇక కష్టాలు తీరాయనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. దూరం తగ్గితే పనులవుతాయని నా నమ్మకం.

అది ఎంత అమాయకత్వమో వేరేచోట నేనే డిపార్ట్‌మెంట్ హెడ్‌నయ్యాక తెలిసింది. ఆ సంస్థ పేరు అనవసరం, తప్పు నాది. ప్రాజెక్టు అంశం మార్చుకోవాలన్నా, ల్యాబ్‌కు గాజుసామాను కొనాలన్నా, గెస్ట్ లెక్చరర్ బిల్లు కదలాలన్నా నా సంతకం పడాలన్నాను. క్రమశిక్షణ అనుకున్నాను. నేను సెలవు పెడితే డిపార్ట్‌మెంటుకే సెలవు. ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది. బాకీలేవీ లేవని ఇచ్చే నో డ్యూస్ కాగితం మీద నా సంతకం లేక చేరాల్సిన తేదీ దాటిపోయింది. ‘సార్ ఊళ్ళో లేరమ్మా, తర్వాత రా’ అని గుమాస్తా పంపేశాడట. అలా చెప్పడం అతనికి అలవాటు చేసింది నేనే.

సిలబస్ మీద మొదట్లో నాతో గట్టిగా వాదించిన కుర్ర లెక్చరర్లు తర్వాత ‘మీరెలా అంటే అలా సార్’ అనేవారు. దాన్ని గౌరవమనుకుని మురిసిపోయాను కూడా.

ఆ కుర్ర లెక్చరర్లను నేనెలా అణిచేశానో ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలినాళ్ళ గురించి చదివినప్పుడు అర్థమై సిగ్గేసింది. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు, 1933లో, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్ర విభాగంలో చేరారు. అప్పటికి ఆయన వయసు 33. 1949లో ఢిల్లీ వెళ్ళేలోపు అక్కడ పేరున్న పరిశోధన బృందాన్నే తయారుచేశారు. రాధాకృష్ణన్ తర్వాత సి.ఆర్. రెడ్డి 1936 నుంచి 1949 దాకా వీసీ. ఇప్పుడు వీసీకి మూడేళ్ళు. కుర్చీ అలవాటయ్యేసరికే సగం అయిపోతుంది. ఖాళీ పోస్టులు, గెస్ట్ లెక్చరర్ల గోడు ఎలాగూ ఉన్నాయి. నేనూ అన్నింటికీ వాటినే తిట్టేవాణ్ణి. కానీ నో డ్యూస్ సంతకం ఇంకొకరికి అప్పగించడానికి ఏ పోస్టూ మంజూరు కానక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

చివర్లో అప్పగించాను. చిన్న కొనుగోళ్ళు ల్యాబ్ చూసుకునేవాళ్ళకు, నో డ్యూస్ గుమాస్తాకు, సిలబస్ పాఠం చెప్పేవాళ్ళకు. పనులు నేను లేకపోయినా సాగాయి. నేను రిటైరయ్యాక వచ్చినాయన రాగానే అన్నీ మళ్ళీ తన టేబుల్ మీదికి తెప్పించుకున్నారు. ఆయన్ని ఏమనగలను? ఆ ఏర్పాటును సమావేశంలో పెట్టి తీర్మానంగా రాయించకుండా, నా నోటిమాటగానే వదిలేసి వచ్చాను.