చిన్నాయన ఫోన్లో తెరుచుకోవాలి

ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో ప్యానెల్‌లో కూర్చుంటూ ఉంటాను. ప్రాజెక్ట్ గురించి అడిగితే అందరూ గడగడా చెబుతారు. ‘లింక్ ఇవ్వు, నా ఫోన్లో చూస్తా’ అన్నప్పుడే గొంతు తగ్గుతుంది. ‘సార్, లోకల్‌హోస్ట్‌లో రన్ అవుతోంది’ అంటారు. ల్యాప్‌టాప్ మూత తీస్తే ఉంటుంది, మూస్తే లేదు. వాళ్లకు జావా రాక కాదు. ఆ చివరి మెట్టు ఎక్కించేవాళ్లే దొరకరు.

మైదుకూరులో మా చిన్నాయన కూతురిదీ అదే కథ. బీటెక్ ఫైనలియర్. స్ప్రింగ్ బూట్‌లో పసుపు అమ్మకాల లెక్క రాసింది: తేదీ, బస్తాలు, తూకం, ధర. వాళ్ల నాయన నోట్‌బుక్‌లో రాసుకునేవే. పసుపు రకాల్లో మా ఊరి పేరుతోనే ‘మైదుకూరు’ అని ఒకటుంది, పంట చేతికి రావడానికి తొమ్మిది నెలలు. వచ్చే వారం ఇంటర్వ్యూ. ‘అన్నా, క్లౌడ్‌లో పెట్టాల’ అంది. సెలవు పెట్టి వెళ్లాను.

మొదటి అడ్డంకి కోడ్ కాదు, కార్డు. అమెజాన్ క్లౌడ్‌లో అకౌంట్ తెరవాలంటే కార్డు నంబర్ ఇవ్వాలి. ఇంట్లో ఉన్నది చిన్నాయన డెబిట్ కార్డు ఒక్కటే, దాని వెనక ఉన్నది పసుపు అమ్మిన డబ్బు.

‘ఎంత పోతాది అబ్బీ?’

‘పరీక్షకు రెండు రూపాయలు చిన్నాయనా.’

‘ఆ తర్వాత?’

అడగాల్సిన ప్రశ్నే. 2025 జూలై 15 నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఫ్రీ ప్లాన్ ఉంది. చేరగానే 100 డాలర్ల క్రెడిట్, కొన్ని సర్వీసులు వాడి చూస్తే ఇంకో 100 దాకా. ఆరు నెలలు గడిచినా, క్రెడిట్ అయిపోయినా అకౌంట్ ఆగిపోతుంది. మనంతట మనం పెయిడ్ ప్లాన్‌కు మారితే తప్ప బిల్లు రాదు. అది చదివి వినిపించాకే కార్డు బయటికొచ్చింది. ముందు బడ్జెట్ అలర్ట్ పెట్టించాను. దానికీ 20 డాలర్ల క్రెడిట్ వస్తుంది, కాబట్టి మీరూ దాంతోనే మొదలుపెట్టండి.

2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది. కానీ దాన్ని మనం విడిగా ఆన్ చేసుకోవాలి. మేం ముంబయితో సరిపెట్టుకున్నాం. 1 జీబీ మెమరీ ఉన్న చిన్న ఉబుంటు మెషీన్ తీసుకుని, ల్యాప్‌టాప్‌లో ఉన్న జావా వెర్షనే అందులోనూ వేశాం. స్ప్రింగ్ బూట్ జార్ ఫైల్‌లో టామ్‌క్యాట్ ఉండనే ఉంటుంది. ఫైల్ పంపి, జావాకు 256 ఎంబీ హద్దు పెట్టి స్టార్ట్ చేశాం. లాగ్‌లో ‘స్టార్టెడ్’ అని పడింది.

బ్రౌజర్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. ఒక గుర్తు చెబుతా. చక్రం తిరిగి తిరిగి టైమ్ అవుట్ అయితే ఎక్కువసార్లు తలుపు మూసి ఉందని అర్థం: సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ పోర్ట్ తెరవలేదు. వెంటనే ‘రెఫ్యూజ్డ్’ అంటే తలుపు తీసే ఉంది, లోపల మనిషే లేడు: యాప్ ఆగిపోయింది. మాది మొదటిది. 8080 అందరికీ తెరిచి, సర్వర్‌లోకి లాగిన్ అయ్యే 22ను మా ఇంటి ఐపీకి మాత్రమే ఉంచాం. టెర్మినల్ మూసినా యాప్ ఆగకుండా, మెషీన్ రీస్టార్ట్ అయితే తనంతట తనే లేచేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టాం.

చిన్నాయన ఫోన్లో పేజీ తెరుచుకుంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొన్నటి 42 బస్తాలు ఎక్కించి, తలెత్తాడు.

‘కరెంటు పోతే ఈ లెక్క ఉంటాదా?’

చెల్లెలు నా వైపు చూసింది. ఆమె వాడింది హెచ్2 డేటాబేస్, అదీ మెమరీలో నడిచేది. యాప్ ఆగి లేస్తే ఖాళీ. కాలేజీ డెమోలో ఎవరూ ఆపి చూడరు, కాబట్టి ఎవరికీ తెలియదు. నోట్‌బుక్‌కు మాత్రం కరెంటుతో పని లేదు మరి. సెట్టింగ్స్‌లో ఒక్క లైన్ మార్చి డేటాను ఫైల్‌లో దాచేలా చేసింది. 42 మళ్లీ ఎక్కించి, మెషీన్‌ను రీస్టార్ట్ చేశాం. ఆ ఒకటి రెండు నిమిషాలు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. 42 ఉంది. (రీస్టార్ట్ వేరు, స్టాప్ వేరు. స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే పబ్లిక్ ఐపీ మారిపోతుంది, రెజ్యూమెలో ఇచ్చిన లింక్ పనిచేయదు. ఎలాస్టిక్ ఐపీ తీసుకుంటే మారదు, కానీ దాని ఖర్చు గంటల లెక్కన క్రెడిట్‌లోంచి పోతుంది.)

అయిపోయిందనుకుని నేను టీ తాగుతుంటే ఆయన మళ్లీ ఫోన్ పట్టుకొచ్చాడు.

‘పాపా, ఈ అడ్రస్ తెలిస్తే దావన పోయేవాడు గూడా నా లెక్క సూడొచ్చునా?’

చూడొచ్చు. మార్చొచ్చు కూడా. లాగిన్ పెట్టాలి. ఉత్త హెచ్‌టీటీపీ మీద పాస్‌వర్డ్ పంపకూడదు కాబట్టి ఒక డొమైన్, దానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత సర్టిఫికెట్ కావాలి. ఇంటర్వ్యూకు ఇంకా నాలుగు రోజులుంది. చెల్లెలు ప్రస్తుతానికి 8080ను కూడా మా ఇంటి ఐపీకే పరిమితం చేసి, స్ప్రింగ్ సెక్యూరిటీ తెరిచి కూర్చుంది. డొమైన్ ఎంతవుతుందో చిన్నాయన కనుక్కోమన్నాడు.